మాట్లాడటం తీసేశారు

మా అమ్మాయి చదివే రెసిడెన్షియల్ కాలేజీలో మాట్లాడటం తీసేశారు. తీసేశారంటే ఊరికే తీసెయ్యలేదు, దాని స్థానంలో అంతకన్నా మంచివి పెట్టారు. ఆ సంగతి తల్లిదండ్రులకి ముందుగా చెప్పలేదు. చెబితే అదే మాట్లాడటం అవుతుందని కాబోలు.

ఆ ఆదివారం పొద్దున్నే చెరుకుపల్లిలో బస్సెక్కేటప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. బుధవారం నాడు హాస్టల్ ఫోన్లో "ఎట్టా ఉన్నావే?" అని అడిగితే మా మనోజ్ఞ "ఏం లేదమ్మా" అంది. బాగున్నాననలేదు, బాగాలేననలేదు. ఏం లేదు అంది. నిజంగా ఏమీ లేనివాళ్ళు ఏం లేదని ఎందుకంటారు? నేను పదో తరగతితో ఆపేసినదాన్నే గానీ, ఈపాటి అర్థం చేసుకోవటానికి ఇంటర్ చదవక్కర్లేదు.

అప్పటి నుంచి నాకు వరసగా తట్టినవి పచ్చకామెర్లు, మెట్ల మీద నుంచి పడటం, కుక్క కరవటం, కరిచిన సంగతి పిల్ల దాచటం. వీటన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. దాని పేరు మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఇలాంటి కాలేజీల గురించి పేపర్లో వార్త వచ్చిన రోజున మా ఆయన ఆ పేజీ చించి, చేతుల గ్రీజు తుడుచుకోవటానికని తన మోటార్ వైండింగ్ షాపుకి పట్టుకుపోతాడు. షాపులో పాత గుడ్డలు బోలెడున్నాయి.

"నువ్వెళ్ళి కాసేపు ఊరికే మాట్లాడిరా," అన్నాడు ఆయన, నన్ను బస్టాండులో దింపుతూ. "దాన్ని కంగారుపెట్టమాక."

"నేనెప్పుడు కంగారుపెట్టాను?"

ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

ఇదివరకు తల్లిదండ్రులు వచ్చే ఆదివారాల్లో కాలేజీ వెనకున్న రేకుల షెడ్డులో కూర్చునేవాళ్ళం. దుప్పటి పరుచుకుని, క్యారేజీ విప్పి, పిల్లకి ముద్దలు కలిపి పెడుతూ మాట్లాడేవాళ్ళం. పక్క దుప్పటి వాళ్ళు వాళ్ళ పిల్లతో ఏం మాట్లాడుతున్నారో మాకు వినపడేది, మావి వాళ్ళకి వినపడేవి. అన్నీ ఒకటే మాటలు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

ఈసారి గేటు దగ్గర వాచ్‌మన్ ఏసోబు అడ్డం వచ్చాడు. మెడలో రంగురంగుల రిబ్బన్ల కట్ట వేసుకుని ఉన్నాడు.

"ఏం చెయ్యటానికొచ్చారమ్మా?"

"అదేంటి ఏసోబూ, కొత్తగా అడుగుతున్నావు. మా అమ్మాయితో మాట్లాడదామని."

"మాట్లాడటం తీసేశారమ్మా."

క్యారేజీ ఒక చేతిలో నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. "తీసెయ్యటమేంటి? పిల్లల గొంతులకేమన్నా అయ్యిందా?"

"గొంతులు బానే ఉన్నయ్. మాట్లాడటమే లేదు. ఇంటరాక్షనా, డిస్కషనా, షేరింగా, కౌన్సెలింగా? ఏదో ఒకటి చెప్పండి, రిబ్బన్ కడతా. పోయిన ఆదోరం రంగులు కలగాపులగం అయ్యి నన్ను నిలబెట్టి తిట్టారు." ఏసోబు అటూ ఇటూ చూసి సర్దుకున్నాడు. "తిట్టారు గాదులే. ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు."

నా పక్కన బాపట్ల నుంచి వచ్చిన ఖాసింబీ నిలబడి ఉంది. ఆమె కూతురు నసీమా, మా మనోజ్ఞ ఒకే గది. ఖాసింబీ బాగా ఆలోచించి షేరింగ్ కావాలంది. ఎర్ర రిబ్బన్ కడుతూ ఏసోబు ఆమె చేతిలో గిన్నె మూత తీసి చూశాడు.

"షేరింగ్‌లో తిండి ఉండదమ్మా. ఫీలింగ్స్ మాత్రమే షేర్ చేసుకోవాలంట."

"ఫీలింగ్సేం తేలేదయ్యా నేను," అంది ఖాసింబీ. "బిర్యానీ తెచ్చా."

చివరికి ఇద్దరికీ ఆకుపచ్చ రిబ్బన్లు కట్టాడు, ఇంటరాక్షన్ అయితే అన్నిటికన్నా తేలికని. అయితే ముందు హాల్లో ఓరియెంటేషన్ వినాలట.

హాల్లో వేదిక మీద కమ్యూనికేషన్ డీన్ ప్రభంజన్ గారు ఉన్నారు. కిందటేడు దాకా ఆయన పిల్లలకి జువాలజీ చెప్పేవారు. ఎక్కడో ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చి డీన్ అయ్యారు. జంతువుల్ని వర్గాలుగా, ఉపవర్గాలుగా విడగొట్టిన అలవాటు కాబట్టి పని ఆయనకి కొత్తగా అనిపించి ఉండదు.

"గౌరవనీయులైన తల్లిదండ్రులారా," అన్నారు ఆయన. "గత సంవత్సరం మన షెడ్డులో చోటుచేసుకున్న సంభాషణలను శాస్త్రీయంగా పరిశీలించడం జరిగింది. వాటిలో అత్యధిక భాగం 'తిన్నావా', 'ఇంకొంచెం తిను', 'ఎందుకింత చిక్కిపోయావు' అనే అంశాల చుట్టూనే పరిభ్రమిస్తున్నట్టు వెల్లడైంది. వీటికి ఆబ్జెక్టివ్ లేదు. అవుట్‌కమ్ లేదు. ప్రపంచం ఎక్కడికి పోతోంది? మనం ఎక్కడున్నాం? షెడ్డులో ఉన్నాం."

ముందు వరసలో ఒకాయన సిగ్గుతో తలదించుకున్నాడు.

"కావున నిరుద్దేశ సంభాషణను ఉపసంహరించుకోవడం జరిగింది. ఇకపై మన ప్రాంగణంలో పిల్లలు గానీ పెద్దలు గానీ నోరు తెరిచే ముందు తాము చేయబోతున్నది ఏ తరహా కమ్యూనికేషనో నిర్ధారించుకోవాలి. హాస్టల్ గదుల్లో సైతం ఇది అమల్లో ఉంది. అక్కడ రాత్రి భోజనానంతరం పియర్ ఇంటరాక్షన్ ఉంటుంది. టాపిక్ మేమే ఇస్తాం. ఫలితంగా మన హాస్టల్లో అనవసర శబ్దం దాదాపు అంతరించింది."

ఆ అంతరించటం మాట నాకు నచ్చలేదు. చెయ్యెత్తాను.

"అయ్యా, పిల్లని తిన్నావా అని అడగాలంటే ఏ రిబ్బన్ కట్టించుకోవాలండీ?"

డీన్ గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "అది భోజన నాణ్యతకు సంబంధించిన సమాచార సేకరణ. ఫీడ్‌బ్యాక్ పరిధిలోకి వస్తుంది. అయితే ఫీడ్‌బ్యాక్ అనేది విద్యార్థి నుంచి మెస్ విభాగానికి ప్రవహించాలి. తల్లి మధ్యలో అడ్డురాకూడదు."

"పోనీ, చిక్కిపోయావేంటని?"

"అది కౌన్సెలింగ్. అందుకు మీకు క్వాలిఫికేషన్ ఉన్నదా?"

"కన్నానండీ."

"అది క్వాలిఫికేషన్ కాదమ్మా," అన్నారు ఆయన ఓపికగా. "ఎక్స్‌పీరియన్స్."

షెడ్డులో దుప్పట్లు లేవు. బల్లలు వేశారు. బల్లకొక రంగు, ఒక గంట, గంట దగ్గర ఒక మోడరేటర్. మా ఆకుపచ్చ బల్ల దగ్గర కూర్చున్న మోడరేటర్ పాతికేళ్ళు దాటని లెక్చరరమ్మ. నేను కూర్చోగానే నియమం చెప్పింది.

"ఇంటరాక్షన్‌లో ప్రశ్నలు ఉండకూడదు ఆంటీ. ప్రశ్న వేస్తే డిస్కషన్‌లోకి వెళ్ళిపోతుంది. మీరొక వాక్యం ఇస్తారు, పాప ఒక వాక్యం ఇస్తుంది."

మనోజ్ఞ వచ్చి ఎదురుగా కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. అది చూడగానే నా నోటిదాకా పది ప్రశ్నలొచ్చాయి. గంట మీద చెయ్యి పెట్టుకుని ఉన్న అమ్మాయిని చూసి మింగేశాను.

"నేను బాగున్నాను," అన్నాను.

"నేనూ బాగున్నాను," అంది మనోజ్ఞ.

"నాన్న బాగున్నాడు."

"సంతోషం."

"గేదె ఈనింది. దూడ మగది."

"ఫిజిక్స్‌లో భ్రమణ చలనం పూర్తయింది."

మోడరేటర్ మొహం వెలిగిపోయింది. "చూశారా ఆంటీ, ఎంత క్లీన్‌గా జరిగిందో," అని గంట కొట్టింది.

మా మనోజ్ఞ ఎలాంటి పిల్లనుకున్నారు? పళ్ళు తోముకుంటూ నోటినిండా నురగతో మాట్లాడే పిల్ల. స్నానాల గదిలో నుంచి మాట్లాడే పిల్ల. పక్కింటివాళ్ళ కోడి గుడ్డు పెట్టినా ఆ కోడి తరఫున మొత్తం చెప్పే పిల్ల. ఆ పిల్ల వార్తలు చదివినట్టు సంతోషం అని ఊరుకుంటే నేను ఊరుకోగలనా? ప్రశ్నలు అడగాలంటే డిస్కషనే దారి అన్నారు కాబట్టి వెళ్ళి పసుపు రిబ్బన్ కట్టించుకున్నాను.

డిస్కషన్‌కి ఇద్దరు చాలరట. నలుగురు కావాలి, టాపిక్ కావాలి. ఖాసింబీనీ నసీమానీ మాతో కలిపారు. డబ్బాలో చీటీ తీస్తే 'భూతాపం, మానవాళి కర్తవ్యం' అని వచ్చింది. మోడరేటర్ కుర్రాడు గడియారం చూసుకుని మొదలుపెట్టమన్నాడు.

నేను మా అమ్మాయి కళ్ళలోకి చూశాను. "భూమి వేడెక్కిందంటున్నారు. వేడంటే జ్వరమేగా. ఎన్నాళ్ళ నుంచి?"

"పారిశ్రామిక విప్లవం నుంచి," అంది మనోజ్ఞ. చెప్పాక నా మొహం చూసింది. నేను పారిశ్రామిక విప్లవం గురించి అడగటం లేదని దానికి అర్థమైనట్టుంది. కాస్త ముందుకి వంగింది. "ఇప్పుడు వేడేం లేదమ్మా. నిద్రే సరిగ్గా పట్టటం లేదు."

"భూమికి నిద్రేంటి?" అన్నాడు మోడరేటర్.

"భ్రమణం సార్. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటది కదా."

అతను ఒప్పుకున్నాడు.

ఖాసింబీ అందుకుంది. "మా బాపట్ల వైపు సముద్రం పైకొస్తదని అంటున్నారు. అదే వస్తే మా నసీమాని నాలుగు రోజులు ఇంటికి పంపుతారా?"

"సముద్రం వచ్చినా స్టడీ అవర్ ఉంటదమ్మా," అంది నసీమా.

"టాపిక్, టాపిక్," అన్నాడు మోడరేటర్. "ధ్రువాల గురించి ఎవరైనా మాట్లాడండి."

"ధ్రువాల దగ్గర మంచు ఉంటది," అంది మనోజ్ఞ నెమ్మదిగా. "పైన గట్టిగా ఉన్నంతసేపూ అందరూ ఫొటోలు తీసుకుంటారు. కొంచెం కిందకి జారితే ఇంక దాని దగ్గరికి ఎవరూ రారు."

"ఎక్కడికి జారింది?" అన్నాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. "ఎప్పుడు జారింది? దెబ్బ తగిలిందా?"

మోడరేటర్ గంట కొట్టాడు. ఉభయపక్షాలూ మొక్కలు నాటాలని అంగీకరించినట్టు ప్రకటించి మమ్మల్ని లేపాడు.

ఇక నాకు కాలు నిలవలేదు. పిల్లకి నిద్ర లేదు. ఎక్కడి నుంచో జారింది. దగ్గరికి ఎవరూ రావటం లేదు. ఈ మూడూ కలిపితే ఏమవుతుందో ఆలోచించటానికి కూడా భయమేసి, పరుగున వెళ్ళి తెల్ల రిబ్బన్ కట్టించుకున్నాను. కౌన్సెలింగ్ నేను చెయ్యకూడదు కాబట్టి నా తరఫున కౌన్సెలరమ్మ పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. నేను బయట స్టూలు మీద కూర్చుని, ఉన్న దేవుళ్ళందరినీ పిలిచాను. కాసేపటికి ఆమె నవ్వుతూ వచ్చింది.

"మీ అమ్మాయి ఓవరాల్‌గా పాజిటివ్ అండీ."

ఆసుపత్రిలో పాజిటివ్ అంటే ఏమిటో నాకు తెలుసు. స్టూలు మీద నుంచి జారబోతే ఆమే పట్టుకుంది. అది రోగం కాదనీ మంచి మాటేననీ వివరించింది. "కొన్ని ఏరియాల్లో ఇంప్రూవ్‌మెంట్‌కి స్కోప్ ఉంది," అని కూడా అంది. ఏ ఏరియాలు అని అడిగితే అది కాన్ఫిడెన్షియల్ అంది.

"ఎవరికి తెలియకూడదని?"

"పేరెంట్స్‌కి."

సరిగ్గా అప్పుడు షేరింగ్ వాళ్ళ ఎర్ర బల్ల దగ్గర నుంచి పెద్ద కేక వినపడింది. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన చలమారెడ్డి గారు బల్ల మీద చెయ్యి వేసి కొట్టి, కూతురి మీద అరుస్తున్నారు.

"ఆ సెల్లు నీకు యాడిదే అంటే జెప్పవేందే?"

"నా ఫ్రెండ్‌ది నాన్నా. నువ్వు కొనిచ్చుంటే నాకు దాందెందుకు?"

"ఏందీ, నాకే ఎదురు జెప్తన్నావా?"

షెడ్డంతా అటు తిరిగింది. డీన్ గారు హాల్లో నుంచి పరిగెత్తుకొచ్చారు. నేను ఇద్దరినీ బయటికి గెంటేస్తారనుకున్నాను. ఆయన మొహంలో మాత్రం కోపం లేదు. అరుదైన పక్షిని చూసినవాడిలా ఉన్నారు.

"కాన్‌ఫ్లిక్ట్," అన్నారు. "అందరూ దూరంగా జరగండి. ఎవరూ జోక్యం చేసుకోకండి. మన పాలసీలో స్పష్టంగా ఉంది. కాన్‌ఫ్లిక్ట్‌లో మూడో వ్యక్తి ఉనికి సమస్యను జటిలం చేస్తుంది. ఉభయపక్షాలనూ ఏకాంతంలో ఉంచి, సమస్య రిజాల్వ్ అయ్యేంతవరకూ ఎటువంటి ఆటంకమూ కలిగించరాదు."

తండ్రీ కూతుళ్ళని ఆఫీసు పక్కన ఏసీ గదిలోకి పంపి తలుపు దగ్గరికి వేశారు. గంట లేదు. మోడరేటర్ లేడు. చలమారెడ్డి గారు వెళ్తూ వెళ్తూ తన క్యారేజీ కూడా పట్టుకెళ్ళారు, ఎవరూ ఏమీ అనలేదు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి మా అందరికీ ఆకలి వేసి చచ్చిపోయింది. ఆ పిల్ల నవ్వుతోంది. ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నారు. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే దగ్గరికొచ్చారు.

"ఏందమ్మా అట్ట జూస్తావు. లోన చల్లంగా ఉంది. కోడికూర మొత్తం తిన్నాం. చెప్పుకోవాల్సినయ్యన్నీ చెప్పుకున్నాం. నువ్వు గూడా తిట్టుకో తల్లా. ఈ రిబ్బన్లేసుకోని ఎంతసేపు తిరుగుతావు?"

చెప్పటం తేలికే. మా మనోజ్ఞని కాలేజీలో చేర్చినప్పటి నుంచి నేను గట్టిగా ఒక్క మాట అనలేదు. ఫోన్ చేసే ముందు గొంతు సవరించుకుని, మెత్తగా వస్తోందో లేదో మా ఆయన మీద ఒకసారి చూసుకుని మరీ చేస్తాను. గాజు సామాను మోస్తున్నట్టు మోస్తున్నాను ఆ పిల్లని. తిడితే మనసులో పెట్టుకుంటుందేమో, పెట్టుకుని ఏం చేస్తుందో అని. అలాంటిది, నిద్రపట్టని పిల్లని ఇవాళ అందరి ముందూ తిట్టాలి. తిట్టకపోతే సాయంత్రం బస్సుకి ఏమీ తెలియకుండానే వెళ్ళాలి. ఆ రెండు భయాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, తెలియకుండా వెళ్ళటమే ఎక్కువ భయంగా ఉంది.

పిల్లని బల్ల దగ్గరికి పిలిచాను. డీన్ గారు అక్కడే తిరుగుతున్నారు.

"ఏమే," అన్నాను. గొంతు లేవలేదు. "ఆ జడేంటి అట్టా ఉంది?"

"ఫీడ్‌బ్యాక్," అన్నారు డీన్ గారు ఆగకుండా నడుస్తూనే.

"నువ్వు చెప్పేదానికి నేను ఒప్పుకోను."

"ఆమె ఇంకా ఏమీ చెప్పలేదమ్మా. అయినా అభిప్రాయభేదం డిస్కషన్‌లో అంతర్భాగం."

"అసలు నిన్నింక ఈ కాలేజీకి పంపను."

"అది నెగోషియేషన్. మేనేజ్‌మెంట్‌తో చెయ్యాలి."

మనోజ్ఞ నన్నే చూస్తోంది. చలమారెడ్డి గారి కూతురు దాని చెవిలో ఏం చెప్పిందో గానీ, నేను ఏం చెయ్యబోతున్నానో దానికి తెలిసినట్టే ఉంది.

"అమ్మా, నీకు చేతకాదు," అంది.

"ఏంటే చేతకానిది?"

"ఏదీ చేతకాదు. భయపడటం తప్ప నీకేం వచ్చు?"

డీన్ గారు ఆగారు. పిల్ల బాగానే అందుకుందనుకున్నాను నేను. కానీ దాని గడ్డం వణుకుతోంది.

"పోయినసారి దగ్గొస్తోందని చెప్పా. ఏం చేశావు? వార్డెన్‌కి ఫోను, ప్రిన్సిపాల్‌కి ఫోను. మావయ్యని బండి మీద పంపి ఎక్స్‌రే తీయించావు. ఇప్పటికీ క్లాసంతా నన్ను ఎక్స్‌రే అనే పిలుస్తారు. నీకు నా బాధ చెప్పాలంటే ముందు నేను నీకు ధైర్యం చెప్పాలి. అందుకే ఏం లేదంటా. నువ్వు వందసార్లు అడుగు, ఏం లేదనే అంటా."

నాకు ఏమొచ్చిందో తెలియదు. లేచి నిలబడ్డాను. గొంతు దానంతటదే వచ్చింది.

"అట్టా అంటేనే నేను చచ్చిపోతున్నానే. ఏదో ఒకటి ఉందని చెప్తే ఆ ఒక్కదానికే భయపడతా. ఏం లేదంటే అన్నిటికీ భయపడాలి నేను. తెలుసా నీకు?"

డీన్ గారు మా ఇద్దరినీ తృప్తిగా చూసి, తలుపు తీసి పట్టుకున్నారు.

గదిలో చల్లగా ఉంది. ఆవేశంలో క్యారేజీ మర్చిపోయానేమో అనుకున్నాను గానీ అది చేతిలోనే ఉంది. గోంగూర పచ్చడి, నెయ్యి, వేడి తగ్గిన అన్నం. ముద్ద కలిపి చెయ్యి చాపాను. కాసేపు చూసి నోరు తెరిచింది.

మింగాక చెప్పింది. లెక్కల్లో మార్కులు తగ్గితే దాన్ని మొదటి సెక్షన్ నుంచి దాదాపు చివరి సెక్షన్‌కి మార్చారు. పాత సెక్షన్‌లో స్నేహితురాళ్ళు ఇప్పుడు పలకరించరు. పలకరించకూడదని కాదు, వాళ్ళ పియర్ ఇంటరాక్షన్ టైము వేరు, వీళ్ళది వేరు. ఒకే గదిలో ఉన్న నసీమాతో కూడా రాత్రిపూట సౌరశక్తి గురించే మాట్లాడాలి. సెక్షన్ మారిందన్న సంగతి ఎవరికి చెప్పాలన్నా అది ఏ తరహా కిందకి వస్తుందో తేల్చుకోలేక ఊరుకుంది. రాత్రిళ్ళు అదే తిరుగుతోందట బుర్రలో.

"అంతేనా?" అన్నాను. నోరు జారింది.

"అంతేనా అంటే? నువ్వింకా ఏమనుకున్నావు?"

"కామెర్లనుకున్నా. మెట్ల మీద నుంచి పడ్డావనుకున్నా. కుక్క..."

"ఇంకా?"

నేను చెప్పలేదు. పైనున్న ఫ్యాను వైపు చూసి చూపు దించుకున్నాను. మా పిల్ల ఆ చూపు పట్టుకుంది. చెయ్యి పట్టుకుని లాగి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఛ. అట్టాంటిదేం లేదమ్మా. ఏడుపొస్తది, ఏడుస్తా. ఏడ్చాక ఆకలేస్తది. మెస్సులో అప్పటికి తాళం వేసేస్తారు. అదే నా పెద్ద కష్టం."

నేను కళ్ళు తుడుచుకుంటే పిల్ల నవ్వింది. నాన్నకి ఎట్టా చెప్పాలో అని అడిగింది. "మీ నాన్న దగ్గరికి రోజూ వచ్చేవన్నీ కాలిపోయిన మోటార్లే," అన్నాను. "ఆయన ఏ మోటారునన్నా తిట్టగా చూశావా?" నాలుగు రోజులు ఇంటికి రమ్మన్నాను. వస్తానంది. దూడ మెడలో గంట కట్టారా అని అడిగింది.

ఆ తర్వాత మొదలుపెట్టింది. నోట్లో ముద్ద ఉండగానే. వార్డెన్ గారి పిల్లి జువాలజీ ల్యాబులో ఈనిందనీ, డీన్ గారు ఆ పిల్లల్ని ఏ వర్గంలో వెయ్యాలో తేల్చలేదనీ. నసీమా నిద్రలో లేచి కూర్చుని "టాపిక్ దాటావు" అని మళ్ళీ పడుకుంటుందనీ. కొత్త సెక్షన్‌లో లెక్కల సారు బోర్డు మీద తప్పు రాసి, ఇది కావాలనే రాశాను అంటారనీ. ఆబ్జెక్టివ్ లేదు, అవుట్‌కమ్ లేదు. నేను ఊ కొడుతూ కూర్చున్నాను. దాని వీపు మీద చెయ్యి వేసి చూశాను. వేడేం లేదు.

తలుపు అద్దంలో నుంచి బయట షెడ్డు కనపడుతోంది. అక్కడ అందరూ పోట్లాడుకుంటున్నారు. ఒకాయన కూతురి మీద కోపం రాక, పక్కనున్న మేనకోడల్ని తిడుతున్నాడు. లైబ్రరీ, ల్యాబు, ప్రిన్సిపాల్ గారి సొంత గది కూడా కాన్‌ఫ్లిక్టులకి ఇచ్చేసినట్టున్నారు. మా తలుపు పక్కనే ఖాసింబీ, నసీమా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"నువ్వు మొదలెట్టవే," అంటోంది ఖాసింబీ.

"పెద్దదానివి, నువ్వే మొదలెట్టు."

"నీ మీద నాకు కోపం రావట్లేదే. బిర్యానీ చల్లారిపోతంది."

"దానికే తెచ్చుకో కోపం. నావల్లే చల్లారిందను."

తలుపు మీద రెండు వేళ్ళతో తట్టిన చప్పుడైంది. డీన్ గారి గొంతు అలసిపోయి ఉంది.

"ఏమ్మా, మీది రిజాల్వ్ అయినట్టేనా? బయట చాలా కాన్‌ఫ్లిక్టులు వెయిటింగ్‌లో ఉన్నాయి."

మనోజ్ఞ మాట మధ్యలో ఆగి నా వంక చూసింది. బుగ్గలో ముద్ద అలాగే ఉంది.

"ఎక్కడండీ," అన్నాను, గొంతు బాగా పెంచి. "మొండిపిల్ల. ససేమిరా లొంగటం లేదు. సాయంత్రం బస్సుదాకా తెగేట్టు లేదండీ."

అని, ఇంకో ముద్ద కలిపాను.